ఇప్పయ్య పచ్చికొమ్ములు

అనగనగా ఒక అడవి ఉండేది. ఉండేది అంటే ఇప్పుడు లేదని కాదు, ఇప్పుడూ ఉంది. కొండకీ వాగుకీ మధ్యన, ఎండాకాలం తునికిపళ్ళ వాసన, వానాకాలం తడిసిన వెదురు వాసన వేసే అడవి. అందులో ఒక దుప్పుల మంద. ఆ మందలో ఇప్పయ్య అనే కుర్రదుప్పి. ఇప్పపూలు రాలే రోజుల్లో ఇప్పచెట్టు కింద పుట్టాడని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. పేర్ల విషయంలో దుప్పులు పెద్దగా ఆలోచించవు. వాడి అక్క వానలో పుట్టింది, దాని పేరు జల్లు.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. చెట్ల మీద కొండముచ్చులు ఉంటాయి. అవి సగం తిని సగం పారేసే రకం. చిగుళ్ళు, కాయలు, పూలు కింద పడుతూనే ఉంటాయి. దుప్పులు కింద చేరి అవి తింటాయి. ఊరికే కాదు. పైనున్న కొండముచ్చుకి చూపు ఎక్కువ, కిందున్న దుప్పికి ముక్కు చురుకు. చిరుత కనబడితే కొండముచ్చు ఖంగు ఖంగున దగ్గుతుంది. చిరుత వాసన తగిలితే దుప్పి కాలు నేలకేసి కొట్టి కూస్తుంది. ముందు తెలిసినవాళ్ళు రెండోవాళ్ళకి చెబుతారు. ఇద్దరూ బతుకుతారు.

ఆ ఏడు ఇప్పయ్యకి మొదటిసారి కొమ్ములు మొలిచాయి. దుప్పి కొమ్ము గేదె కొమ్ములాంటిది కాదు పిల్లలూ. గేదెకి ఒకసారి వస్తే జీవితమంతా అదే. దుప్పికి ఏటా రాలిపోతుంది, ఏటా మళ్ళీ మొలుస్తుంది. మొలిచేటప్పుడు మెత్తగా, పైన నూగున్న తోలు కప్పుకుని ఉంటుంది. లోపల నెత్తురు పారుతూ ఉంటుంది, ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. దుప్పులు దాన్ని పచ్చికొమ్ము అంటాయి. ముదిరాక ఆ తోలు దానంతటదే ఎండుతుంది. అప్పుడు చెట్టుకేసి రుద్దుకుంటే ఊడిపోయి, లోపలి నున్నటి కొమ్ము బయటపడుతుంది. అంతదాకా ఆగాలి.

మొదట్లో ఇప్పయ్యకి తన పచ్చికొమ్ములంటే ఎంత ముద్దో. పొద్దున్నే తల వంచి వాటికి ఎండ చూపించేవాడు. వాగులో నీడ చూసుకునేవాడు.

"అమ్మా, నిన్నటికంటే పెరిగాయి కదూ?"

"పెరిగాయిరా. నా తల తినకు" అనేది అమ్మ.

ఇలా ఉండగా టముకయ్యకి ఫోను దొరికింది.

టముకయ్య ఒక కోతి. ఎవరింట్లో ఏం జరిగినా అడవంతా చాటింపు వేస్తాడు గనక ఆ పేరు వచ్చింది. వాగు ఒడ్డుకి వనభోజనాలకి వచ్చినవాళ్ళు చాప దులుపుకుని, గిన్నెలు సర్దుకుని, ఫోను మాత్రం రాతి మీద మరిచిపోయి వెళ్ళారు. టముకయ్య ముందు దాన్ని కొరికి చూశాడు. తర్వాత దాని మీద కూర్చున్నాడు. ఎక్కడ తగిలిందో ఏమో, అది వెలిగింది.

చార్జింగ్ ఎక్కడిదని మీలో ఎవరో అడగబోతున్నారు. అడవి కాపలావాళ్ళ గుడిసె మీద ఎండతో పనిచేసే పలక ఉంది, దాని నుంచి ఒక వైరు కిటికీలోకి దిగింది. కాపలావాళ్ళు మధ్యాహ్నం నిద్రపోతారు. ఇక చదువు మాటంటారా, టముకయ్య తాత ఒక బడి కిటికీలో చాలాకాలం కూర్చున్నాడట. ఆ కుటుంబంలో అక్షరాలు అలా వచ్చాయి. సరిగ్గా వచ్చాయో లేదో ఎవరికి తెలుసు, అడవిలో రెండోవాడెవడూ చదవలేడు.

రోజూ సాయంత్రం టముకయ్య రాతి మీద ఫోను నిలబెట్టేవాడు. కుర్రకారంతా చుట్టూ మూగేది. అందులో ఒక దుప్పి ఫోటో ఉండేది. తెల్లవారి వెలుగులో, పొగమంచులో నిలబడి, పెద్ద కొమ్మల్లాంటి కొమ్ములతో, మెడ వెనక్కి వాల్చి, కళ్ళు అరమూసి ఆకాశంకేసి చూస్తున్న దుప్పి.

"హీరో అంటే ఈయన. ఎన్ని లైకులో చూడండి. నా చేతి వేళ్ళు, కాలి వేళ్ళు, మీ అందరి గిట్టలు కలిపినా చాలవు" అన్నాడు టముకయ్య.

అంతే. అడవిలో కుర్రాళ్ళందరికీ మెడ వెనక్కి వాల్చే జబ్బు పట్టుకుంది. నెమలికుర్రాడు అలా నడుస్తూ పుట్టలో కాలేశాడు. అడవిపంది పిల్లకి అసలు మెడే లేదు, పాపం వెనక్కి వాల్చబోయి వెల్లకిలా పడింది. కుందేలు ఒకటి నక్క ఎదురుగా కళ్ళు అరమూసి నిలబడింది. నక్క ఆశ్చర్యంతో దూకడం మరిచిపోయింది గనక కుందేలు బతికిపోయింది.

ఇప్పయ్య మాత్రం ఆ కొమ్ములనే చూశాడు. ఎంత నునుపు, ఎంత మెరుపు. ఒక్క నూగు వెంట్రుక లేదు. ఆ రోజు వాగులో నీడ చూసుకుంటే తన కొమ్ములు రెండూ తడిసిన గొంగళిపురుగుల్లా కనిపించాయి.

"మామా, నా ఫోటో కూడా పెట్టవా?" అని అడిగాడు టముకయ్యని.

"పెడతాను. మెడ వాల్చు. ఇంకొంచెం. ఇప్పుడు ఊపిరి బిగబట్టు."

ఫోటో పెట్టారు. ఇప్పయ్య పొద్దున వెళ్ళి అడిగాడు. "ఇంకా నిద్ర లేవలేదేమో జనం" అన్నాడు టముకయ్య. మధ్యాహ్నం వెళ్ళి అడిగాడు. ఒక లైకు వచ్చింది, అదీ టముకయ్య తనే చూసేటప్పుడు వేలు జారి కొట్టుకున్నది. సాయంత్రం వెళ్ళేసరికి మాటలు కూడా వచ్చాయి.

"చదువు మామా."

"ఎందుకులేరా."

"చదవమంటున్నాను."

టముకయ్య తల గోక్కున్నాడు. "ఒకాయన, ఇది దుప్పా మొక్కజొన్న పొత్తా అన్నాడు. ఒకావిడ, ఇంకా పీచు తీయలేదే అంది. ఇంకొకరు మాటేం రాయలేదు, నవ్వి నవ్వి ఏడుస్తున్న బొమ్మ పెట్టారు. బొమ్మ బాగుంది."

చుట్టూ ఉన్న కుర్రకారు నవ్వింది. అడవిపంది పిల్ల అందరికంటే ఎక్కువ నవ్వింది. ముందురోజు పెట్టిన దాని ఫోటోకి, ఒంటి మీద చారల గురించి ఇంకా ఎక్కువ మాటలు వచ్చాయి మరి. ఇవాళ తన వంతు కాదని దాని సంతోషం.

ఇప్పయ్య ఆ పూట మేత ముట్టలేదు.

"ఏమైందిరా?" అంది అమ్మ.

"నా కొమ్ములు బాగాలేవు."

"పచ్చివిరా అవి. మీ నాన్నవీ ఇంతే, మీ తాతవీ ఇంతే. ముదిరాక ఆ తోలు ఊడుతుంది. తర్వాత కొమ్ములే రాలిపోతాయి. మళ్ళీ వస్తాయి."

"ఫోనులో వాళ్ళకి రాలవు" అన్నాడు ఇప్పయ్య.

పైన కొమ్మ మీద కాటుకమ్మ ఉంది. ఆ చెట్టు కొండముచ్చుల్లో పెద్దది, మొహం కాటుకలా నల్లగా ఉంటుంది గనక ఆ పేరు. ఇప్పయ్య పుట్టినప్పటి నుంచీ వాడికి మంచి చిగుళ్ళు చూసి రాల్చేది.

"ఆ ఫోనులో దుప్పి మేత మేస్తుండగా చూశావా?" అంది.

"లేదు పిన్నీ."

"పడుకున్నప్పుడు? పేడ వేస్తున్నప్పుడు?"

"ఛీ, ఆయన అలాంటివి చేయడు."

"అయితే ఆయన దుప్పి అయ్యుండడు, బొమ్మ అయ్యుంటుంది" అని కాటుకమ్మ ఒక చిగురు విసిరింది. అది సరిగ్గా ఇప్పయ్య కొమ్ముకి తగులుకుని వేలాడింది. కింద దుప్పులన్నీ నవ్వాయి. వాళ్ళు ప్రేమగానే నవ్వారు. కానీ ఆ రోజు ఇప్పయ్య చెవికి అన్ని నవ్వులూ ఒకటే.

మర్నాడు వాడు మంద వదిలి వాగు మలుపు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఒక నల్లమద్ది చెట్టు ఉంది. దాని బెరడు మొసలి వీపులా ఉంటుంది. పెద్ద దుప్పులన్నీ ముదిరిన కొమ్ములు రుద్దుకునేది దానికే. ఇప్పయ్య కొమ్ములు ముదరడానికి ఇంకా చాలా రోజులుంది. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసే తల వంచాడు, గట్టిగా రుద్దాడు.

తోలు చిరిగింది. నూగు ఊడింది. దాని కింద ఫోనులోని నునుపు లేదు. నెత్తురు ఉంది. నొప్పి చెవుల దాకా పాకింది. కుడికొమ్ము కొస మెత్తగా వంగి పక్కకి వేలాడింది.

ఇప్పుడు మందలోకి ఎలా వెళ్ళడం? నిన్న పీచు ఉందని నవ్వారు, ఇవాళ దీన్ని చూస్తే ఏమంటారో. ఇప్పయ్య ఎవరికీ కనబడకుండా వెదురుపొదల్లోకి దూరాడు.

"తోక బయట ఉంది, అబ్బాయీ" అంది పొదలోంచి ఒక గొంతు.

ఇప్పయ్య ఉలిక్కిపడి చూశాడు. లోపల ఒక పెద్ద దుప్పి తాపీగా గడ్డి నములుతున్నాడు. తల మీద కొమ్ములు లేవు. అవి ఉండవలసిన చోట రెండు గుండ్రటి పుండ్లు, ఎండుతున్నాయి. ఎడమ చెవి కొస చీలి ఉంది.

"మీరెవరు?"

"పెంచలయ్యని. వాగు అవతలి మందవాణ్ణి. మొన్ననే కొమ్ములు రాలాయి. కొత్తవి వచ్చేదాకా కుమ్ములాటలు ఎందుకని ఇటు వచ్చాను. ఏటా వస్తాను. ఇక్కడ గడ్డి బాగుంటుంది."

"బోడితలతో ఉంటే సిగ్గుగా లేదా?"

"మొదటి ఏడు ఉండేది. ఏటా సిగ్గుపడాలంటే ఓపిక ఎక్కడిది?" అని పెంచలయ్య వాడి తల చూశాడు. నమలడం ఆపాడు. "తొందరపడ్డావు."

ఇప్పయ్యకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాడు. పెంచలయ్య వింటూ వింటూ ఒక్కసారి ముక్కు పైకెత్తాడు.

"నీకేం వాసన రావడం లేదూ?"

ఇప్పయ్యకి తన నెత్తురు వాసన తప్ప ఇంకేం తెలియడం లేదు. అదే నెత్తురు వాసన పట్టుకుని చిరుత వస్తోంది. మందలో ఉంటే అన్ని ముక్కులు, అన్ని చెవులు. ఇక్కడ ఉన్నది ఒక బోడితల, ఒక గాయం.

పెంచలయ్య కాలు నేలకేసి కొట్టి కూశాడు. అదే క్షణంలో తలమీదుగా ఖంగు ఖంగుమని దగ్గు వినబడింది. కాటుకమ్మ. పొద్దున రాల్చిన చిగుళ్ళు కింద అలాగే పడి ఉండడం చూసి, తినేవాడు ఏడని చెట్టు చెట్టూ దూకుతూ వెతుక్కుంటూ వచ్చింది.

"ఎడమ పక్కనుంది, కుడికి పరిగెత్తండి" అని అరిచింది.

పరిగెత్తారు. ముళ్ళు గీసుకున్నాయి, వాగు నీళ్ళు చిమ్మాయి, పైన కొమ్మల్లో కాటుకమ్మ దగ్గుతూనే ఉంది. వాగు మలుపు తిరిగి మందలో పడ్డాక వెనక్కి చూస్తే, చిరుత ఒడ్డున నిలబడి ఉంది. తను షికారుకి వచ్చినట్టూ, వీళ్ళెవరో తెలియనట్టూ పంజా నాక్కుంది. తర్వాత వెళ్ళిపోయింది. చూసేశారని తెలిశాక చిరుతలు అలాగే చేస్తాయి. వాటికీ పరువు ఉంటుంది.

అమ్మ ఇప్పయ్యని తిట్టలేదు. కొమ్ము మీది నెత్తురు నాకింది. చాలాసేపు నాకింది. తర్వాత తిట్టింది.

సాయంత్రం పెంచలయ్య నీళ్ళు తాగడానికి వస్తే, రాతి దగ్గర గుంపు చేరి ఉంది. "రండి, హీరోగారిని చూడండి" అని పిలిచాడు టముకయ్య. పెంచలయ్య తల వంచి ఫోనులోకి చూశాడు. ఇంకొంచెం దగ్గరగా చూశాడు.

"ఇది నేనే" అన్నాడు.

అందరూ ఘొల్లున నవ్వారు. "బోడిగుండాయనా, మీరు కూర్చోండి" అన్నాడు టముకయ్య.

ఇప్పయ్య నవ్వలేదు. ఫోటోలో ఎడమ చెవి చూశాడు. కొస చీలి ఉంది. పెంచలయ్య చెవి చూశాడు.

"ఆయనే" అన్నాడు.

అందరూ ఒకసారి ఫోనుకేసి, ఒకసారి ఆ చెవికేసి చూశారు. చివరికి నెమలికుర్రాడు మెల్లగా అడిగాడు. "అయితే పెద్దాయనా, ఆ మెడ, ఆ అరమూసిన కళ్ళు... అప్పుడు ఏం ఆలోచిస్తున్నారు?"

"ఆలోచనా? ముక్కులో ఈగ దూరింది. తుమ్ము వస్తోంది. జీపులో వాళ్ళు సరిగ్గా అప్పుడే తీశారు. తర్వాత తుమ్మాను, కాలు జారి బురదలో కూర్చున్నాను. అది తీసినట్టు లేరు."

మొదట ఇప్పయ్యే నవ్వాడు. నవ్వితే కొమ్ము నొప్పి పుట్టింది, అయినా నవ్వాడు. ఇన్నాళ్ళుగా అడవి కుర్రకారంతా మెడలు పట్టేసేలా తిరిగింది ఒక తుమ్ము కోసమన్నమాట. అడవిపంది పిల్ల దొర్లి దొర్లి నవ్వింది. ఒంటి మీది చారలు అందరికీ కనబడుతున్నాయని కూడా మరిచిపోయింది.

టముకయ్య ఒక్కడే తొణకలేదు. "అయితే పెద్దాయనా, ఇప్పుడొకసారి తుమ్ముతారా, వీడియో తీస్తాను" అన్నాడు.

ఆ ఏడు ఇప్పయ్య కుడికొమ్ము వంకరగానే ముదిరింది. వాగులో చూసుకున్న రోజున కొంచెం బాధపడేవాడు, ఆకలేస్తే మేతకి వెళ్ళిపోయేవాడు. వంకర కొమ్ముతోనే మందలో తిరిగాడు. వానాకాలం మబ్బులకి గుడిసె మీది పలకకి ఎండ తగల్లేదు, ఫోను నిద్రపోయింది. మొదట్లో ఒకరిద్దరు అడిగారు. తర్వాత వెదురు చిగుళ్ళు వచ్చాయి, అడగడం మరిచిపోయారు.

మళ్ళీ ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక పొద్దున ఇప్పయ్య తల దులిపాడు. వంకర కొమ్ము ఊడి పూల మధ్యన పడింది. దాన్ని ముళ్ళపంది పట్టుకుపోయి హాయిగా కొరుక్కుంది. కొన్నాళ్ళకి ఆ చోట మళ్ళీ నూగుతో, వెచ్చగా రెండు పచ్చికొమ్ములు లేచాయి. ఈసారి ఒక్కోదానికి చిన్న కొమ్మ కూడా వేస్తోంది.

ఎండలో తల వంచి నిలబడితే, జల్లు కొడుకు, ఇంకా నడక సరిగ్గా రాని బుడతడు, వచ్చి కిందనుంచి చూశాడు.

"మామా, నీ కొమ్ములకి ఇంకా పీచు ఉందేం?"

"అవి పెరుగుతున్నాయిరా" అన్నాడు ఇప్పయ్య. "ముట్టుకుని చూడు. వెచ్చగా ఉంటాయి."

నీతి: ఫోటో ఒక్క క్షణానిది, పెరగడం ఏళ్ళ తరబడి సాగేది. ఇంకొకరి తుమ్ముకి ముందు క్షణం చూసి, మీ పచ్చికొమ్ముల్ని గీరుకోకండి.