గున్నమ్మత్త జలుబు

ఆ కొండల్లో పుష్యమాసం వచ్చిందంటే మంచు పొద్దెక్కినా కదలదు. ఏటి మీద దట్టంగా పరుచుకుని ఉంటుంది. కొమ్మల చివర్ల నుంచి నీటిబొట్లు టపటపా రాలుతూనే ఉంటాయి. జంతువులన్నీ ఎండ తగిలే బండలు వెతుక్కుని, ఒకళ్లనొకళ్లు ఆనుకుని కూర్చుని, ఒళ్లు వెచ్చబడేదాకా ఊసులాడుకుంటాయి. ఆ ఊసుల్లో గున్నమ్మత్త పేరు రాని రోజు ఉండదు.

గున్నమ్మత్త ఎలుగుబంటి. ఉన్న ఒక్క కూనా ఒక వానాకాలం ఏట్లో కొట్టుకుపోయింది. కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. మళ్లీ గుహలోంచి బయటికొచ్చాక అడవిలో పిల్లలందరూ ఆమె పిల్లలే అయిపోయారు. ఎవరికి పురుడొచ్చినా ముందు ఆమే వెళ్లేది. ఎవరి పిల్ల ఏడ్చినా ఆమే ఎత్తుకునేది. చలికాలంలో అయితే తేనెపట్టు ఆకులో చుట్టి పట్టుకుని గడప గడపకీ తిరిగేది. పిల్లల మొహాలు నాకి, ముక్కులు తుడిచి, "వెచ్చగా పడుకోండిరా" అని చెప్పి వచ్చేది.

ఆ ఏడు ఎక్కడ అంటుకుందో గానీ, గున్నమ్మత్తకే జలుబు చేసింది. మామూలు జలుబు కాదు. ఆమె తుమ్మితే చెట్టు మీద పిట్టలు లేచిపోయేవి. దగ్గితే ఏటి అవతలికి వినిపించేది.

"అత్తా, కాస్త పడుకోరాదూ?" అంది కుందేలు మంగ.

"నేను పడుకుంటే నీ పిల్లల్ని ఎవరు చూస్తారే? ఏరీ, ఇలా తీసుకురా" అంటూ గున్నమ్మత్త బొరియలోకి మూతి పెట్టి, కుందేలు పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ నాకి, వాటి మధ్యలోనే గట్టిగా తుమ్మింది.

కొద్ది రోజుల్లో కుందేలు పిల్లలన్నీ ముక్కులు చీదుతున్నాయి. ఆ తర్వాత అడవిపంది ఇంట్లో దగ్గు. ఆ తర్వాత కోతుల గుంపులో జ్వరాలు. గున్నమ్మత్త అడుగు పెట్టిన ఇల్లల్లా మంచం పట్టింది. ఇల్లు మంచం పట్టినకొద్దీ, పాపం, ఆమె ఇంకాస్త తేనె పట్టుకుని ఇంకోసారి వెళ్లింది.

సంగతి అందరికీ అర్థమైంది. చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. కిందటి వరదలో పిల్లల్ని వీపున మోసి ఒడ్డుకు చేర్చిన మనిషికి "మా ఇంటికి రాకు" అని ఎలా చెబుతారు?

సరిగ్గా అప్పుడే దుప్పి పైడికి కాన్పయింది. పిల్ల నెలలు నిండకుండానే పుట్టింది. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. లేచి నిలబడబోయి కూలబడిపోతోంది. ఊపిరి తీస్తుంటే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పైడి దాన్ని పొదలో ఎండుగడ్డి మీద పడుకోబెట్టి, గాలి తగలకుండా తన ఒళ్లే అడ్డం పెట్టి కూర్చుంది.

ఏటి గట్టు నుంచి గున్నమ్మత్త కేక వినిపించింది. "పైడీ! ఆడపిల్లటగా! రేపు పొద్దున్నే వస్తానే. నాలిక మీద ఇంత తేనె రాస్తే చాలు, లేచి గంతులేస్తుంది చూడు!" ఆ వెంటనే దగ్గు.

పైడి అటుగా పోతున్న నక్క దాలయ్యని పిలిచింది.

"అన్నా, నా పిల్లకి ఆ దగ్గు తగిలితే బతకదు. అత్తని రావద్దని చెప్పలేను. రమ్మనీ చెప్పలేను. ఏం చెయ్యను?"

దాలయ్య తోక ఒకసారి విదిలించాడు. "ఇంతేనా? నాకు వదిలెయ్ చెల్లీ. ఆవిడ మనసు నొచ్చకుండా, నీ పిల్ల దగ్గరికి రాకుండా, చిటికెలో పని పూర్తి చేసుకొస్తాను."

దాలయ్య చెడ్డవాడు కాదు. కాకపోతే ఎదురుగా తిన్నని దారి ఉన్నా పక్క సందులోంచి వెళ్లడం అతనికి పుట్టుకతో వచ్చిన అలవాటు. తెల్లారగానే గున్నమ్మత్త గుహకి వెళ్లాడు. ఆమె అప్పటికే తేనె ఆకులో చుట్టుకుని బయల్దేరుతోంది.

"ఎక్కడికత్తా, పొద్దున్నే?"

"ఇంకెక్కడికిరా అల్లుడూ? పైడి పిల్లని చూడ్డానికి."

"అయ్యో, నీకు తెలీదా? పైడి ఇక్కడ లేదు. పిల్లని తీసుకుని కొండ అవతలికి, పుట్టింటికి వెళ్లిపోయింది. చలికాలమంతా అక్కడేనట."

గున్నమ్మత్త చేతిలో ఆకు కిందికి వాలింది. "నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?"

"తొందరలో మర్చిపోయి ఉంటుంది. నువ్వు హాయిగా పడుకో అత్తా" అని దాలయ్య చల్లగా జారుకున్నాడు.

తిన్నగా ఏదుపంది నూకాలవ్వ దగ్గరికి వెళ్లి, ఎండలో కాళ్లు చాపుకుని, తను చెప్పిన అబద్ధాన్ని మురిపెంగా మళ్లీ చెప్పాడు. నూకాలవ్వ నవ్వలేదు. ముళ్లు ఒకసారి గలగలలాడించింది.

"దగ్గుతో తిరగొద్దని ఆవిడకి మొహం మీదే చెప్పొచ్చుగా?"

"మనసు కష్టపెట్టుకోదూ?"

"ఇప్పుడు కష్టపెట్టుకోలేదా? తను కన్నపిల్లలా చూసుకున్న పైడి చెప్పకుండా పోయిందని నమ్మించి వచ్చావు. దానికన్నా జలుబు మాట చెడ్డదా?"

దాలయ్య ఏదో అనబోయేంతలో కుందేలు మంగ పరుగున వచ్చింది. ఆయాసంతో మాట సరిగ్గా రావడం లేదు.

"దాలయ్యన్నా, గున్నమ్మత్త కొండెక్కిపోతోంది! ఎంత పిలిచినా ఆగలేదు. 'పుట్టి రోజు తిరగని పిల్లని ఈ మంచులో కొండ దాటించిందట పిచ్చిది, దారిలో ఎక్కడ పడిపోయిందో ఏమో' అంటూ పోతోంది. అడుగుకో దగ్గు. పైడి పొదలోనే ఉందిగా, మరి ఆవిడ ఎవర్ని వెతుకుతున్నట్టు?"

గున్నమ్మత్త అలుగుతుందనుకున్నాడు దాలయ్య, ఏడుస్తుందనుకున్నాడు, గుహలో ముడుచుకు పడుకుంటుందనుకున్నాడు. వెతుక్కుంటూ వెళుతుందని మాత్రం అనుకోలేదు.

"ఇంకా నిలబడ్డావేం?" అంది నూకాలవ్వ. "పో!"

కొండ మీద గాలి ముళ్లలా గుచ్చుతోంది. మంచులో నాలుగడుగుల దూరం కనిపించడం లేదు. దాలయ్య వాసన పట్టుకుంటూ, "అత్తా! గున్నమ్మత్తా!" అని అరుచుకుంటూ ఎక్కాడు. చాలాసేపటికి దగ్గు వినిపించింది. ఒక రాతి చూరు కింద గున్నమ్మత్త ముడుచుకుని కూర్చుని ఉంది. ఒళ్లంతా తడిసి వణుకుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తేనె ఆకు మాత్రం మంచు పడకుండా గుండెకి హత్తుకుని ఉంది.

"ఎవరూ, దాలయ్యా? పిల్ల కనిపించిందా?" అంది.

దాలయ్య నోట్లోకి ఇంకో అబద్ధం తయారుగా వచ్చేసింది. దొరికింది, బాగానే ఉంది, ఎవరో తీసుకెళ్లారు... ఇలా ఏదో ఒకటి. కానీ ఆ ఆకు పట్టుకున్న చేతిని చూశాక అది గొంతులోనే ఆగిపోయింది.

"అత్తా, పైడి ఎక్కడికీ వెళ్లలేదు. పొదలోనే ఉంది. నేనే అబద్ధం చెప్పాను."

"ఎందుకురా?"

"నీకు జబ్బుగా ఉంది కాబట్టి. నువ్వు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ నీ దగ్గు ఉండిపోతోంది కాబట్టి. పైడి పిల్ల నెల తక్కువ పిల్ల. దానికి తగిలితే తట్టుకోలేదు. ఆ మాట నీకు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది."

గున్నమ్మత్త నెమ్మదిగా అడిగింది.

"అంటే... మంగ పిల్లల జలుబు?"

దాలయ్య తల దించుకున్నాడు.

"కోతి పిల్లలకి జ్వరం వచ్చింది... పందిపిల్ల నిద్రపోకుండా ఏడ్చింది... అదంతా నా వల్లేనా?" ఆమె తేనె ఆకు ఒళ్లో పెట్టేసింది. "నేను ముద్దు చేద్దామని వెళ్లానురా."

"ముద్దు చేద్దామనే వెళ్లావత్తా. మాకు తెలుసు. తెలుసు కాబట్టే చెప్పలేకపోయాం."

"మొదటి రోజే చెప్పి ఉంటే మొదటి రోజే ఆగిపోయేదాన్ని కదా." కోపంగా అనలేదు. చాలా అలిసిపోయినట్టుగా అంది. దాలయ్యకి ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

అతను ఆమె చేతి కింద భుజం పెట్టి లేపాడు. నక్కకీ ఎలుగుకీ పొంతనేముంది? ఆమె బరువుకి అతని కాళ్లు వంకర్లు పోయాయి. అయినా ఆగుతూ, జారుతూ, ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ పొద్దు ఉండగానే గుహ చేరారు.

అక్కడ నూకాలవ్వ అప్పటికే పెత్తనం చేస్తోంది. తడిసిన ఆకులు తీయించి ఎండు ఆకులు పరిపించింది. గాలి వచ్చే పక్క కొమ్మలు అడ్డం పెట్టించి, గుహ ఉక్కపోయకుండా పైన సందు వదిలించింది.

"గున్నమ్మా, విను. ముందు ఒళ్లు పొడిగా తుడుచుకో. అదిగో అల్లం కొమ్ము, నములు. ఆ తేనె కూడా నువ్వే నాకు. పురిటిపిల్లకి తల్లిపాలు తప్ప తేనె, గీనె ఏమీ పెట్టకూడదు. మధ్యాహ్నం పూట బండగుంటలో నీళ్లు ఎండకి గోరువెచ్చగా అవుతాయి, దాహం లేకపోయినా అవే తాగు. దగ్గొస్తే మోచేతిలోకి దగ్గు, అంతే గానీ పక్కవాళ్ల మొహం మీదకి కాదు. నిన్ను చూడ్డానికి వచ్చినవాళ్లెవరైనా సరే ఏట్లో చేతులు కడుక్కునే ఇంటికి పోవాలి. జ్వరం దిగకపోతే కొండ దిగువనున్న వైద్యం తెలిసిన ముసలి కొండముచ్చుని పిలిపిస్తాను. మొండికెయ్యకు."

"ఇన్నాళ్లూ నువ్వెందుకు చెప్పలేదవ్వా?" అంది గున్నమ్మత్త.

నూకాలవ్వ ముళ్లు మెల్లగా కిందికి వాలాయి. "నా మాటకి కూడా ముళ్లుంటాయని అందరూ అంటారు. నిన్ను గుచ్చడం ఇష్టం లేకపోయింది."

మర్నాటి నుంచి గున్నమ్మత్త గుహ దాటలేదు. అడవే ఆమె దగ్గరికి వచ్చింది. పళ్లు తెచ్చినవాళ్లు గుహ ముందు బండ మీద పెట్టి, దూరం జరిగి, అక్కడి నుంచే పలకరించేవాళ్లు. తేరుకున్న కుందేలు పిల్లలు ఎదురు గట్టు మీద గంతులేసి చూపించేవి. దాలయ్య రోజూ నీళ్లు మోశాడు.

ఎండ బాగా కాసిన ఒక పూట పైడి ఏటి అవతలి ఒడ్డుకి వచ్చింది. పక్కన, గడ్డిలో, పిల్ల.

"అత్తా! చూడు, నిలబడింది!"

గున్నమ్మత్త గుహలోంచి రెండడుగులు వేసింది. పిల్ల పుల్లల్లాంటి కాళ్ల మీద వణుకుతూ నిలబడి, ఏటి ఇవతల కనిపిస్తున్న నల్లని పెద్ద ఆకారాన్ని వింతగా చూస్తోంది. గున్నమ్మత్త ఒళ్లంతా ఆ పిల్ల వైపు లాగేసింది. ఏరు మోకాలి లోతే. దాటడం ఎంతసేపు?

దగ్గొచ్చింది. మోచేతిలోకి దగ్గింది. అక్కడే కూర్చుండిపోయింది.

"ఇక్కడి నుంచి బాగా కనిపిస్తోందే పైడీ" అంది. "మచ్చలు అచ్చం నీవే."

పైడి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత రోజూ, ఎండెక్కాక, పిల్లని తీసుకొచ్చి ఆ ఒడ్డున కాసేపు నిలబెట్టి వెళ్లేది.

దగ్గు పూర్తిగా పోయి, ఒంట్లోకి బలం వచ్చి, నూకాలవ్వ "ఇక పో" అన్న రోజున గున్నమ్మత్త ఏట్లో చేతులూ మొహం రుద్ది రుద్ది కడుక్కుని అవతలికి వెళ్లింది. పిల్ల భయపడలేదు. రోజూ చూసే మనిషేగా. తనే వచ్చి ఆమె పొట్ట బొచ్చులో మొహం దూర్చింది. గున్నమ్మత్త దాన్ని నాకుతుంటే పైడి పక్కనే నిలబడి ఏడుస్తూ నవ్వుతూ ఉండిపోయింది.

ఆమె తిరిగి వస్తుంటే దారిలో దాలయ్య ఎదురయ్యాడు. ముక్కు ఎర్రగా ఉంది.

"ఎక్కడికిరా?"

"పైడి పిల్లని... హాఛ్! చూసొద్దామని."

"జలుబా?"

"అబ్బే, దుమ్ము."

"ఈ తడి మంచులో దుమ్మెక్కడిది? నా నీళ్లు మోసి నా జలుబే తెచ్చుకున్నావు. నడు, నా గుహలో పడుకుందువు గాని. లోపల ఎండుటాకులు, అల్లం తప్ప ఏమీ లేవు. నువ్వు లోపలికి వెళ్లాక నేను వాకిట్లో అడ్డంగా కూర్చుంటాను. తగ్గేదాకా బయటికి వదలను. ముందే చెబుతున్నాను."

దాలయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. జీవితంలో ఎవరూ అతన్ని ఉచ్చులోకి లాగుతూ ఇది ఉచ్చు అని చెప్పలేదు. 'ఏమీ లేదంటోందంటే ఏదో ఉందన్నమాట' అనుకున్నాడు. 'అడ్డంగా కూర్చుంటానని బెదిరిస్తోందంటే నన్ను రానివ్వకూడదనే. ఏటి పీతలు దాచి ఉంటుంది. ఎన్నున్నాయో ఏమో!'

"సరే అత్తా, నీ మాట కాదంటానా?" అంటూ ముందుగా పరిగెత్తి గుహలో దూరాడు.

మూలమూలలా వెతికాడు. ఎండుటాకులు ఉన్నాయి. అల్లం ఉంది. వెనక్కి తిరిగేసరికి గుహ వాకిలంతా నల్లని బొచ్చు వీపు నిండిపోయి ఉంది.

"అత్తా! ఇది అన్యాయం! మోసం!"

"ఏ మాట అబద్ధం చెప్పానురా?"

దాలయ్య ఆలోచించాడు. ఒక్కటీ దొరకలేదు. గట్టిగా తుమ్మాడు. ఆ తర్వాత, ఆమె చెప్పకుండానే, మోచేతిలోకి ఇంకోసారి తుమ్మి, ఎండుటాకుల్లో ముడుచుకున్నాడు. చలిగాలి ఆ వీపు దాటి లోపలికి రావడం లేదు. అల్లం నములుతూ గొణుక్కుంటూనే నిద్రపోయాడు.

జబ్బు చేసినప్పుడు అయినవాళ్లకి కాస్త దూరంగా ఉండడమూ ప్రేమే, ఆ సంగతి మొహం మీద చెప్పడమూ ప్రేమే.