నాలుగో సిలిండరు ఊపిరి

పదకొండు రోజులైంది. ఇంజను వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఎల్లేశ్‌కి అన్నం సయించడం లేదు. ఇంజను కదలనందుకు కాదు, నోరు జారినందుకు. వనజాదేవి గారి కారు షెడ్డుకు వచ్చిన మొదటి రోజే, ఉస్తాద్ ఇంకా నోరు విప్పకముందే, "పది రోజులల్ల స్టార్ట్ జేసి చూపిస్త మేడం" అనేశాడు. ఉస్తాద్ ఆ మాట విన్నాడు. విననట్టే చాయ్ సాసర్‌లో పోసుకున్నాడు.

చాదర్‌ఘాట్ వంతెన దిగి ఎడమకు తిరిగితే ఆ రేకుల షెడ్డు. దానికి బోర్డు లేదు. పాత కార్లు ఉన్నవాళ్ళకు బుర్హానుద్దీన్ ఉస్తాద్ అంటే చాలు. ఆయనకు డెబ్బై దాటాయి. ఎల్లేశ్ జనగామ నుంచి వచ్చి తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. చేతిలో పనుంది. ఉందని అతనికి బాగా తెలుసు. చిక్కంతా అక్కడే.

ఆ కారు రెండంటే రెండే సీట్లది. పైన కప్పు లేదు. ముదురాకుపచ్చ రంగు. ఎప్పుడో ఓడలో సముద్రం దాటి వచ్చింది. ఒకప్పుడు వనజాదేవి గారు దాన్ని మద్రాసు దగ్గర షోలవరం రేసులకు తీసుకెళ్ళి నడిపేవారు. ఒక ఏడాది బెత్తెడు తేడాతో ఓడిపోయి, ఆ కోపంలో ఇంటికొచ్చి, గ్యారేజీలో పెట్టి తాళం వేసేశారు.

"కోపం వారానికే పోయింది బుర్హాన్ సాబ్," అన్నారు ఆవిడ నవ్వుతూ. "తర్వాత సిగ్గేసి తెరవలేదు. ముప్ఫై ఏళ్ళు. ఇప్పుడు నాకు డెబ్బై వస్తున్నాయి. ఒక్కసారి నడపాలి దాన్ని."

ముప్ఫై ఏళ్ళు ఊరికే నిలబడితే ఇనుము ఊరుకుంటుందా? లోపలి పిస్టన్లు తుప్పు పట్టి సిలిండరు గోడలకు అతుక్కుపోయాయి. ఇంజను పూర్తిగా జామ్. అలాంటి ఇంజను దేశంలో ఇంకొకటి ఉందో లేదో ఎవరికీ తెలియదు. బలవంతం చేస్తే పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు విరుగుతాయి. రింగు విరిగితే సిలిండరు గీసుకుపోతుంది. ఇక ఆ కారు ఎవరి హాల్లోనో బొమ్మగా నిలబడాల్సిందే.

ఉస్తాద్ పద్ధతి ఉస్తాద్‌ది. పొద్దున్నే స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ నాలుగు రంధ్రాల్లో డీజిలూ గేర్ ఆయిలూ కలిపి చెంచాడు చెంచాడు పోసేవాడు. కాసేపు ఆగి, ఇంజను ముందున్న పెద్ద నట్టుకు స్పానర్ తగిలించి, ఒంటి చేత్తో మెల్లగా లాగి చూసేవాడు. అంతే. స్పానర్ తీసి గోడకు వేలాడదీసేవాడు.

ఎల్లేశ్ ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"ఇయ్యాల ఏం జేసినం ఉస్తాద్?"

"అడిగినం."

"ఏమన్నది?"

"ఇంకా ఏమనలే."

ఎల్లేశ్‌కి ఒళ్ళు మండింది. ఇనుముతో మాట్లాడడం ఏమిటి? ఆ స్పానర్ మూరెడు పొడుగుంటుంది. ఉస్తాద్‌కు ఆయన ఉస్తాద్ ఇచ్చిపోయింది. ఆయన తప్ప ఎవరూ ముట్టుకోరు. ఏదో ఒకరోజు అది తనకే వస్తుందని ఎల్లేశ్ లోలోపల ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు. అంత మంచి స్పానర్ పెట్టుకుని ఈ ముసలాయన దాన్ని చిటికెన వేలితో లాగినట్టు లాగుతాడేమిటని అతని బాధ.

పన్నెండో రోజు శుక్రవారం. పొద్దున వనజాదేవి గారు ఫోన్ చేశారు. గడువు దాటిందని ఒక్క మాట అనలేదు. "ఎట్లుంది ఎల్లేశ్, మన బండి?" అని మాత్రం అడిగారు. ఆవిడ నాలుగు తిట్టినా అతను తట్టుకునేవాడు.

ఉస్తాద్ జుమ్మా నమాజుకు వెళ్ళాడు. షెడ్డులో ఎవరూ లేరు. ఎల్లేశ్ గోడ మీది స్పానర్ తీశాడు. నట్టుకు తగిలించాడు. మూలనున్న నీళ్ళ పైపు ముక్క తెచ్చి స్పానర్ చివరకు తొడిగాడు. మూరెడు కాస్తా నిలువెత్తయింది. బంపర్‌కు కాలు తన్ని పెట్టి, రెండు చేతులతో, ఒంట్లో ఉన్న బరువంతా వేసి లాగాడు.

టిక్.

చిన్న చప్పుడు. ఇంజను వెనక భాగంలోంచి, నాలుగో సిలిండరు వైపు నుంచి వచ్చింది. ఇంజను కదల్లేదు. చప్పుడు మాత్రం అయింది.

ఎల్లేశ్ టక్కున పట్టు వదిలాడు. పైపు తీసి మూలన పెట్టాడు. స్పానర్ తుడిచి గోడకు తగిలించాడు. తర్వాత ఏం చెయ్యాలో తోచక కారు పక్కనే నిలబడిపోయాడు.

ఉస్తాద్ వచ్చాడు. టోపీ మడిచి జేబులో పెట్టుకుని, అలవాటు ప్రకారం ఇంజను దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. నట్టు అంచులు కొత్తగా మెరుస్తున్నాయి. ఆయన చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

"పైపేసి గుంజిన ఉస్తాద్," అన్నాడు ఎల్లేశ్. "లోపల టిక్కుమన్నది. నాలుగో దానిల. ఇరిగిందో ఏమో."

ఉస్తాద్ నిటారుగా లేచాడు. గోడ మీది స్పానర్ తీసి బెంచీకున్న వైసులో బిగించాడు. హాక్సా బ్లేడు తీసుకున్నాడు.

"గట్టిగ పట్టుకో."

మొదటి గీత పడేదాకా ఎల్లేశ్‌కి అర్థం కాలేదు.

"ఉస్తాద్! వద్దుండ్రి. మీ ఉస్తాద్ ఇచ్చింది గదా. మీ కాల్మొక్త, వద్దు!"

ఆయన కొయ్యడం ఆపలేదు. పాతకాలపు ఇనుము, అంత తేలిగ్గా లొంగుతుందా? ఒక బ్లేడు విరిగింది. ఇంకొకటి బిగించాడు. అదీ విరిగింది. మూడోది బిగించాడు. డెబ్బై దాటిన చెయ్యి ఆగి ఆగి కోస్తోంది. పట్టుకున్న ఎల్లేశ్ మోచేతుల దాకా ఆ రాపిడి పాకింది. కోసినంతసేపూ అతను తల వంచుకునే ఉన్నాడు. సాయంత్రపు అసర్ అజాన్ వినపడే వేళకు స్పానర్ రెండు ముక్కలైంది.

నట్టుకు తగిలించే కొస ఉన్న ముక్క జానెడు మిగిలింది. ఉస్తాద్ దాన్ని ఎల్లేశ్ చేతిలో పెట్టాడు. అది ఇంకా వేడిగా ఉంది.

"ఇంక నువ్వే అడుగు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఎల్లేశ్ తనంతట తానే వనజాదేవి గారికి ఫోన్ చేశాడు. "పది రోజులన్న మేడం. తెల్వక అన్న. ఇయ్యాల నా చేతితోని లోపల చప్పుడు గూడ అయింది. ఏమిరిగిందో తెల్వది. బండి నడుస్తదో నడువదో నేను జెప్పలేను."

"నేను ముప్ఫై ఏళ్ళు పెట్టిన, ఎల్లేశ్," అన్నారావిడ. "నువ్వు ఇంకో నెల పెట్టు."

జానెడు స్పానర్‌తో బలం చూపించడానికి వీల్లేదు. మొదటి రెండు రోజులూ పళ్ళు బిగించి లాగాడు. వేళ్ళ కణుపులు చెక్కుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. మూడో రోజు నుంచి పళ్ళు బిగించడం మానేశాడు. పొద్దున్నే చెంచాడు చెంచాడు నూనె పోయడం, స్పానర్ తగిలించడం, అరచేత్తో మెల్లగా ఆనించి ఉంచడం. లాగేకన్నా ఆనించడమే ఎక్కువ. అలా ఉంచితే చల్లటి ఇనుము కాసేపటికి చేతి వేడి పట్టేది. కారు దగ్గర ఉన్నంతసేపూ అతనికి ఇంకేమీ గుర్తుకొచ్చేది కాదు. చప్పుడు మాత్రం గుర్తుకొచ్చేది.

ఇంజను మీదా, నట్టు వెనకనున్న చక్రం మీదా కలిపి సుద్దతో ఒక గీత గీసి పెట్టుకున్నాడు. రోజూ చూసేవాడు. అది ఒకే గీతగా ఉండేది.

కారు వచ్చిన ఇరవై మూడో రోజు అరచేతికి ఏదో తేడా తెలిసింది. కదిలిందని కాదు. గట్టిగా ఉన్నదేదో కొంచెం మెత్తబడినట్టు. ఎల్లేశ్ ఊపిరి బిగబట్టి ఇంకాస్త ఆనించాడు. చేతి కింద ఇనుము జరిగింది. బియ్యపు గింజంత.

వంగి సుద్ద గీత చూశాడు. గీత రెండైంది.

ఎల్లేశ్ అరవలేదు, ఎగరలేదు. అక్కడే నేల మీద కూలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా కదలనిది తన అరచేతి కింద కదిలింది. తాను లాగలేదు, ఆ సంగతి అతనికి ఖాయంగా తెలుసు.

షెడ్డు ఆ చివర ఉస్తాద్ కార్బురేటర్ కడుగుతున్నాడు. ఇటు తిరగనైనా లేదు.

"ఎనకకు తే," అన్నాడు.

ఎల్లేశ్ లేచి బియ్యపు గింజంత వెనక్కి తెచ్చాడు.

"మల్ల ముందుకు."

ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ. నాలుగు రోజులకు ఇంజను నిండుగా ఒక చుట్టు తిరిగింది.

కానీ తిరగడం వేరు, బతికి ఉండడం వేరు. ఆ టిక్కుమన్నది రింగయితే? ఇది తేల్చడానికి ఉస్తాద్ దగ్గర యంత్రాలేవీ లేవు, బొటనవేలు ఉంది. ప్లగ్గు రంధ్రాన్ని బొటనవేలితో మూసి, ఇంజనును చేత్తో తిప్పాలి. రింగులు బాగుంటే, ఆ సిలిండరు వంతు వచ్చినప్పుడు లోపలి గాలి బిగిసి వేలిని బయటికి తోస్తుంది. రింగు విరిగి ఉంటే గాలి పక్కల నుంచి జారిపోతుంది, వేలికేమీ తెలియదు.

ఉస్తాద్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ జానెడు స్పానర్ తానే పట్టుకున్నాడు.

"ఏలు పెట్టు."

మొదటి రంధ్రం. స్పానర్ మెల్లగా తిరిగింది. వేలి కింద ఏదో పొంగుతూ వచ్చింది. ఆపలేకపోయాడు. ఫుస్సుమని వేలిని తోసేసి నూనె తుంపర చిమ్మింది. చల్లటి గాలి.

రెండోది వెంటనే తోసింది. మూడోది కాస్త ఆగి తోసింది.

నాలుగో దాని మీద వేలు పెట్టాడు. ఉస్తాద్ తిప్పుతున్నాడు. జానెడు స్పానర్ కదా, కొంచెం తిప్పడం, తీసి మళ్ళీ తగిలించడం, కొంచెం తిప్పడం. వేలి కింద ఏమీ లేదు. అర చుట్టు అయింది. ఏమీ లేదు. ఒక చుట్టు పూర్తయింది. ఏమీ లేదు. ఎల్లేశ్‌కి కొమురవెల్లి మల్లన్న గుర్తొచ్చాడు. ఏం మొక్కాలో తెలియలేదు. దీన్ని బతికించు అనుకున్నాడు, అంతే. బండి తనది కాదు, పేరు తనకు అక్కర్లేదు, బతికితే చాలు.

ఉస్తాద్ తొందరపడలేదు. మళ్ళీ తగిలించి మళ్ళీ కొంచెం తిప్పాడు.

అప్పుడు వచ్చింది. మొదట వేలి కొసకు మాత్రమే తెలిసేంత. తర్వాత నిండుగా. వేలిని లేపుతోంది. ఎల్లేశ్ ఇంకా అదిమాడు. అది ఇంకా లేపింది. పసిబిడ్డ ఛాతీ మీద చెయ్యి వేసినప్పుడు చేతిని లేపే ఊపిరి ఉంటుంది చూశారూ, అలా ఉంది, కాకపోతే అంతకు నూరింతల బలం. ఫుస్సుమని వేలిని నెట్టేసి అతని మొహమంతా నూనె చిమ్మింది.

ఎల్లేశ్ ఏడ్చాడు. నూనె తుడుచుకునే నెపం కూడా పెట్టుకోలేదు. కారు పక్కన నిలబడి బాహాటంగానే ఏడ్చాడు. ఆ టిక్కుమన్నది ఏమిటో అతనికి ఈనాటికీ తెలియదు. ఉస్తాద్‌కి తెలిసి ఉంటే, ఆయన చెప్పలేదు.

ట్యాంకు కడిగి, పెట్రోలు గొట్టాలు మార్చి, బ్రేకులు విడిపించేసరికి మరో నెల పట్టింది. స్టార్ట్ చేసే రోజు వనజాదేవి గారు నేత చీర మీద పరుగు బూట్లు వేసుకుని వచ్చారు. తాళంచెవి తిప్పారు. ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. వెనక నుంచి నీలం పొగ చుట్టుకుంటూ లేచింది. ఆ పొగలోంచి గొంతు వచ్చింది. లోతైన గొంతు. షెడ్డు రేకులు మోగాయి. బెంచీ మీద చాయ్ గ్లాసులు ఒకదాన్నొకటి తాకి వణికాయి. ఎదురుగా పంక్చర్లు వేసే ఆయన లేచి నిలబడి, ఎందుకో చెప్పులు విడిచాడు.

వనజాదేవి గారు తల పక్కకు వాల్చి విన్నారు. "అదే," అన్నారు. గేరు వేశారు. ఆకుపచ్చ కారు సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. వంతెన మీద దాని చప్పుడు చాలాసేపు వినపడింది.

ఇద్దరూ ఆ చప్పుడు ఆగిపోయేదాకా నిలబడ్డారు.

"ఆ నాలుగోది నన్ను ఎంతసేపు నిలవెట్టింది ఉస్తాద్," అన్నాడు ఎల్లేశ్ బొటనవేలు చూసుకుంటూ. "గంతసేపు ఆలస్యం జేస్తే పానం పోయిందనుకున్న."

ఉస్తాద్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అది ఆలస్యం జెయ్యలే బేటా. దాని వంతుకు అదొచ్చింది. నువ్వే ముందుగాల పోయి నిలబడ్డవ్."