ఆదెమ్మ గీత

మీ తాతల తాతలు ఇంకా ఊయలలో ఉన్నప్పటి మాట. కొండ కింద రాళ్లగెడ్డ అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో మట్టి కంటే రాళ్లు ఎక్కువ. రాళ్ల కంటే వాటి కింద తేళ్లు ఎక్కువ. అయినా జనం నిశ్చింతగా నిద్రపోయేవాళ్లు, ఎందుకంటే తేళ్ల కంటే కోళ్లు ఎక్కువ. కోడి రాయి పక్కన గీరిందంటే తేలు బయటికి రావాలి. బయటికి వచ్చిందంటే కోడి కడుపులోకి పోవాలి. ఊరు అలా నడిచేది.

ఆ ఊరి పెద్ద చినమనాయుడు. ఆయన పాలసావిట్లో దాలి చూసుకునే మనిషి ఆదెమ్మ. దాలి అంటే నేలలో గుంట తవ్వి, పిడకలు పేర్చి, మంట లేకుండా సెగ మాత్రం ఉండేలా రాజేసే పొయ్యి. పొద్దున దాని మీద పాలకుండ పెడితే సాయంత్రానికి ఎర్రటి మీగడ కట్టాలి. పాలు పొంగకూడదు, చల్లారకూడదు. ఆదెమ్మకు చిన్నతనంలోనే ఒక కాలు చచ్చుబడింది. ముప్పై ఏళ్లు ఆ గుంట పక్కనే కూర్చుంది. కుండకు మునివేళ్లు తగిలించి ఎంత సెగ ఉందో చెప్పేది. ఆమెకు ఇంకేం తెలుసని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒక ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చింది. మొదటి రోజు కోళ్లు మెడలు వాల్చాయి. రెండో రోజు మెడలు మెలిదిప్పుకున్నాయి. మూడో రోజు తెల్లవారినప్పుడు ఊళ్లో కూత లేదు. చుట్టుపక్కల ఏ ఊరికి మనిషిని పంపినా అదే కబురు తెచ్చాడు. ఊరికి దూరంగా పాలసావిడి దగ్గర తిరిగే మూడు పెట్టలు, ఒక పుంజు మాత్రం మిగిలాయి.

తేళ్లకు ఆ సంగతి తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ముందు గోడ బీటల్లోకి వచ్చాయి. తర్వాత బియ్యం కుండల్లోకి వచ్చాయి. ఆ తర్వాత పిల్లల పక్కల్లోకి వచ్చాయి. ముగ్గురు పిల్లలు పోయారు.

చినమనాయుడు ఊరందరినీ పిలిచాడు.

"ఐదు వారాల్లో ఏరువాక పున్నమి. ఆ రోజుకి ఊరు ఖాళీ చేసి, విత్తే వేళకి కొండ దాటి కొత్త నేలకు పోదాం. బండ్లు ఎనిమిదే ఉన్నాయి. పిల్లలు, బాలింతలు, విత్తనాలు ముందు" అన్నాడు.

"మరి నేను, బాబూ?" అంది ఆదెమ్మ.

"నిన్ను రెండో విడతలో తీసుకెళ్తాం."

రెండో విడత ఉండదని అందరికీ తెలుసు. కొండ దారి మూడు రోజులు. తేళ్ల ఊరికి ఎవరు తిరిగొస్తారు? ఆదెమ్మకూ తెలుసు.

"నా దగ్గర ఏడు గుడ్లున్నాయి బాబూ. పెట్టలు ఇంకా పెడుతున్నాయి, పొదగడానికి మాత్రం కూర్చోవడం లేదు. నేను పొదుగుతాను" అంది.

జనం నవ్వారు. వాళ్లలో సన్యాసమ్మ అనే ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

"పొదుగు అప్పా. కూర్చునే పని నీకేటి కొత్తా?"

ఆదెమ్మ దాలి మీది పాలకుండ దించి ఇసుక కుండ పెట్టింది. ఇసుక మీద గంప, గంపలో ఊక, ఊకలో ఏడు గుడ్లు. గుడ్డు తీసి కనురెప్పకు ఆనించేది. రెప్ప చురుక్కుమంటే పిడక తీసేది, చల్లగా తగిలితే పిడక వేసేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి గుడ్లు తిప్పేది. పెట్ట ముక్కుతో తిప్పడం ముప్పై ఏళ్లుగా చూసిన మనిషి.

ఇంకో పని కూడా చేసింది. పొదిగే గుడ్డు లోపలికి మనిషి చూపు పడితే మురిగిపోతుందని ఆ ఊళ్లో గట్టి నమ్మకం. అందుకే తరతరాలుగా ఎవరూ చూడలేదు. పాలసావిడి తూర్పు గోడకు ఒక చిన్న చిల్లు ఉండేది. ఎండ ఎక్కాక తలుపు మూసి, గుడ్డు లావు వైపు పైకి ఉండేలా ఆ చిల్లుకు ఆనించింది ఆదెమ్మ. గుడ్డు నిప్పుకణికలా వెలిగింది. పైభాగంలో ఏమీ లేని చోటు ఒకటి కనబడింది, గాలి మాత్రం ఉండే చోటు. అది ఎక్కడ ఆగిందో పెంకు మీద బొగ్గుతో గీత గీసింది. ఎందుకు గీస్తున్నదో ఆమెకీ అప్పుడు తెలియదు.

వారం తిరిగేసరికి పెట్టలు ఇంకో ఏడు గుడ్లు పెట్టాయి. రెండో దాలి, రెండో గంప. మరో వారానికి ఇంకో ఏడు. మూడో దాలి, మూడో గంప. ఆ తర్వాత తెగులు పాలసావిడికీ వచ్చింది. మూడు పెట్టలు, పుంజు ఒక్క రోజులో పోయాయి. ఇక ఆ నేల మీద కోడి అనేది ఉంటే ఆ గంపల్లోనే ఉంది.

మొదటి గంపకు ఇరవయ్యొకటో రోజు వచ్చింది. ఊరంతా వచ్చి నిలబడింది. ఏ గుడ్డూ చిట్లలేదు. ఇరవై రెండో రోజూ అంతే. ఇరవై మూడో రోజు ఆదెమ్మ ఒక గుడ్డు పగలగొట్టింది. లోపల పిల్ల నిండుగా ఉంది. ఈకలున్నాయి, ముక్కుంది, గోళ్లున్నాయి. లోపలి పొర ఎండి, అంటుకున్న కాగితంలా ఒంటిని పట్టేసింది. పిల్ల కదలలేక చచ్చిపోయింది. ఏడూ అంతే.

"వడగాలి, కింద దాలి సెగ. తడి లేదు. పెట్ట అయితే గెడ్డ నీళ్లలో దిగి పొట్ట తడుపుకొచ్చి కూర్చునేది. అది నేను మరిచిపోయాను" అంది ఆదెమ్మ.

"తడే కదా కావలసింది" అన్నాడు చినమనాయుడు. తడి సంగతి తనకంటే ఎవరికి తెలుసు? వరి విత్తనాలు నానబోసి, తడి గోనెలు కప్పి, పైన బరువు పెట్టి మండె కట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆయన కట్టిన మండెలో మొలకెత్తని గింజ ఉండేది కాదు. రెండో గంపను అచ్చం అలాగే చేయించాడు. తడి ఊక, తడి గోనె, పూటకొక బిందె నీళ్లు. ఊళ్లో ఆడవాళ్లంతా బిందెలు మోశారు.

"ఇవి గింజలు కావు బాబూ" అంది ఆదెమ్మ ఒక్కసారి.

"విత్తనం ఏదైనా విత్తనమే" అన్నాడాయన.

ఆయన యజమాని. ఆమె గంప ఆయనకే వదిలేసింది. కానీ బొగ్గు గీతలు గీయడం మానలేదు.

రెండో గంపకు ఇరవయ్యొకటో రోజు వచ్చింది. ఊరంతా మళ్లీ వచ్చింది. ఒక్క గుడ్డు చిట్లింది, అందులోంచి పిల్లకు బదులు నీళ్లు కారాయి. పిల్లలు ఉబ్బి, ముక్కు నీళ్లలో మునిగి చచ్చిపోయాయి. ఏడూ అంతే.

జనం వెళ్లి బండ్లకు కందెన పూయడం మొదలుపెట్టారు. ఇక మిగిలింది ఒక్క వారం, ఒక్క గంప. ఆ గంపలో కూడా రెండు గుడ్లను ఆదెమ్మ ఎప్పుడో తీసి పక్కన పెట్టింది. ఏడో రోజుకి వాటిలో ఎర్రటి నరాలు పట్టలేదు, వెలుగులో నీళ్లలా తేటగా కనబడ్డాయి. ఐదే ఉన్నాయి.

చినమనాయుడు మర్నాడు పొద్దున ఒక్కడే వచ్చాడు. చేతిలో బిందె ఉంది.

"పోయినసారి నాదే తప్పు. ఈసారి సగం తడి పెడదాం" అన్నాడు.

"సగం అంటే ఎంత బాబూ?"

ఆయన బిందె కింద పెట్టాడు.

"ఈ గంపను ముట్టుకోకండి" అంది ఆదెమ్మ. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. చాటలో దాచిన పెంకులు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇవి మొదటి గంపవి. చివరి గీత చూడండి. గాలి సగం గుడ్డు దాకా దిగిపోయింది. ఇవి రెండో గంపవి. గాలి గోరంత కూడా లేదు, గీత కొన దగ్గరే ఆగిపోయింది. అది ఎండకు చచ్చిన గీత, ఇది నీళ్లకు చచ్చిన గీత. బతికే గీత ఈ రెంటికీ నడుమ ఉంటుంది."

ఆయన పెంకులు చేతిలోకి తీసుకుని గీతకు గీత ఆనించి చూశాడు.

"అంటే నువ్వు పొదిగే గుడ్ల లోపలికి చూశావన్నమాట. అందుకే పోయాయేమో" అన్నాడు.

"చూశాను కాబట్టే ఎందుకు పోయాయో తెలిసింది. మీరూ చూడండి."

తలుపు మూసి, గుడ్డును గోడ చిల్లుకు ఆనించింది. ఎర్రటి వెలుగులో ఏదో నల్లగా ముడుచుకుని ఉంది. దాని చుట్టూ తల వెంట్రుక కంటే సన్నటి నెత్తుటి నరాలు. చినమనాయుడు ఇంకాస్త ముందుకు వంగాడు. ఆ నల్లటిది కాలు చాచింది. మళ్లీ ముడుచుకుంది. ఇన్నాళ్లూ, పక్కన జనం ఏడుస్తున్నా, బండ్లకు కందెన పూస్తున్నా, అది లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. బిందె అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి పొద్దునే జనం ఒక్కొక్కరుగా వచ్చి చూశారు. తేలు కుట్టి బిడ్డ పోయిన తల్లి ఒకతె వచ్చి చూసి, ఇంకోసారి చూపించమని అడిగి, చూసి వెళ్లింది.

ఆదెమ్మ గంప పక్కన వెడల్పాటి మూకుడులో నీళ్లు పెట్టింది. గాలి గీత కిందికి జారుతుంటే మూకుడు పక్కన తడిగుడ్డ ఆరవేసింది. గీత ఆగిపోతే గుడ్డ తీసేసింది. గుడ్ల మీద ఒక్క చుక్క పడనివ్వలేదు, తడి అంతా గాలిలోనే. పద్దెనిమిదో రోజున తిప్పడం ఆపేసింది. రెండో మూకుడు పెట్టి గంప మీద పలచటి బట్ట కప్పి, పిల్ల అరిచేదాకా ఇక తెరవనంది.

ఏరువాక పున్నమి ముందురోజు పొద్దున గంపలోంచి కీచుమని వినబడింది. బట్ట పక్కకు జరిపితే ఒక గుడ్డుకు చిల్లు పడి ఉంది. ఊరు ఊరంతా సావిట్లో కూర్చుంది. బయట ఎనిమిది బండ్లు నిండుగా ఉన్నాయి. మధ్యాహ్నమైంది, చిల్లు అంతే ఉంది. పొద్దువాలింది, చిల్లు అంతే ఉంది. లోపల పిల్ల అరుస్తోంది.

సన్యాసమ్మ ఉండబట్టలేకపోయింది. "పాపం, ఊపిరాడటం లేదేమో. గోరుతో కొంచెం ఒలుస్తాను" అని చెయ్యి చాచింది.

"ఒలిస్తే నెత్తురు కారి చచ్చిపోద్ది. పెంకు నరాల్లోని నెత్తురు అది ఇంకా తాగుతోంది. తాగడం అయ్యాక అదే వస్తుంది" అంది ఆదెమ్మ.

"మరి నేనేటి చెయ్యను?"

"చేతులు కింద పెట్టుకుని వాటి మీద కూర్చో. కూర్చోడం నాకే కాదు, నీకూ వచ్చు."

సన్యాసమ్మ చేతుల మీద కూర్చుంది. ఆమెను చూసి పక్కనున్నామె కూర్చుంది. చినమనాయుడు కూర్చున్నాడు. చివరికి ఊరంతా అరచేతులు తొడల కింద పెట్టుకుని, పొలాలు దున్నిన చేతులు, బండ్లు కట్టిన చేతులు, ఏ పనికీ ఆగని చేతులు కదలకుండా, ఆ చిన్న చిల్లు వైపు చూస్తూ కూర్చుంది.

తెల్లవారేసరికి గుడ్డు చుట్టూ చీలిక తిరిగింది. మూత లేచినట్టు పెంకు లేచింది. తడిసిన పిల్ల ఒకటి ఊకలోకి జారి, తల నిలబెట్టలేక పడి, మళ్లీ నిలబెట్టింది. తర్వాత ఇంకొకటి. తర్వాత మూడోది. చాలాసేపటికి నాలుగోది. ఐదోది రాలేదు. కథ కదా, ఐదూ వచ్చాయని చెప్పొచ్చు. కానీ రాలేదు.

ఎవరూ చేతులు తీయలేదు. చినమనాయుడే ముందు లేచి బయటికి వెళ్లాడు.

"బండ్లు దింపండి" అన్నాడు.

ఆ నాలుగింటిలో ఒకటి పుంజు, మూడు పెట్టలు. తేళ్లు ఒక్కరోజులో పోలేదు. ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా జనం మంచం కాళ్ల కింద నీళ్ల మూకుళ్లు పెట్టుకుని పడుకున్నారు. ఊరు మాత్రం కదల్లేదు. కోడిపిల్లలు వచ్చిన మర్నాటి నుంచే ఆదెమ్మ మళ్లీ పాలకుండ పెట్టుకుంది. చాలా ఏళ్ల తర్వాత జ్వరంతో చనిపోయింది. గుడి కట్టలేదు, విగ్రహం పెట్టలేదు. ఆమె ముఖం ఎలా ఉండేదో ఎవరికీ గుర్తులేదు.

కానీ రాళ్లగెడ్డ వైపు ఎప్పుడైనా వెళ్తే చూడండి. గుడ్లు పొదగేసిన ఇంట్లో ఏడో రోజున, పధ్నాలుగో రోజున, పద్దెనిమిదో రోజున గుడ్డును ఎండకు పెట్టి పెంకు మీద బొగ్గుతో గీస్తారు. దాన్ని ఆదెమ్మ గీత అంటారు. పెళ్లికి తొందరపడేవాణ్ణీ, పండని కాయ కోసేవాణ్ణీ చూసి "గీత ఎక్కడిదాకా వచ్చిందిరా?" అని అడుగుతారు. నమ్మకపోతే మీరే ఒక గుడ్డు తీసుకుని ఎండకు పెట్టి చూడండి.

గుడ్డుకు చిల్లు పడిన రోజు మాత్రం ఆ ఇంటికి పని మీద వెళ్లకండి. పెద్దా చిన్నా అందరూ గంప చుట్టూ చేతుల మీద కూర్చుని ఉంటారు. మిమ్మల్నీ కూర్చోమంటారు.