అక్రోటు సోకు లోపలికెలా పోయింది?

ఒకప్పుడు అక్రోటు చెట్టు ఒంటి మీద ఈ పగుళ్లు లేవర్రా! బెరడు నిండా సుడులే, అలలే. చలికొండల మీద అంత సోకు ఇంకే చెట్టుకీ లేదు. అంత పొగరూ లేదనుకోండి.

దాని పక్కనే ఓ ముసలి దేవదారు ఉండేది. దాని బెరడంతా పగుళ్లు.

"ఛీ, ఏం ఒళ్లమ్మా అది! నా పక్కన నిలబడటానికి సిగ్గనిపించదూ?" అనేది అక్రోటు. ఈ సోకులరాణితో ఎవరు వాదిస్తారు!

దారిన పోయే మేకను కూడా ఆపి "నన్ను చూశావా?" అని అడిగేది. మేకకేం పట్టింది? ఓ ఆకు నమిలి పోయేది.

ఒకరోజు మయాచారి అనే వడ్రంగి అటు వచ్చాడు. అక్రోటు ఊరుకుంటుందా? "ఇటు చూడు ఆచారీ! ఇలాంటిది ఎక్కడన్నా చూశావా?" అంది.

ఆచారి చూశాడు. ఉలి తీసి, అరచెయ్యంత బెరడు ఉల్లిపొరలా పలచగా ఒలిచాడు. ఇంటికెళ్లి నాసిరకం చెక్కపెట్టె మీద బంకతో అతికించాడు.

అతని భార్య రుద్రమ్మ ఆ పెట్టెను ఊరంతా తిప్పి చూపించింది. లోపల పుచ్చు చెక్కే! లోపలెవడు చూస్తాడు? మర్నాడు ఊరు ఊరంతా కత్తులతో కొండెక్కింది.

"నాకో ముక్క!"

"జరగవయ్యా, నేను ముందొచ్చాను!"

అక్రోటు మొదట్లో మురిసిపోయింది, తిక్కది. మూడోనాటికి నడుం చుట్టూ బెరడే లేదు. బెరడులోని దారి తెగి, ఆకులు చేసిన తిండి వేళ్లకు దిగడం లేదు. చెట్టు వాడిపోతోంది.

"అక్కా, చచ్చిపోతున్నాను! నీ బెరడు కాస్త ఇవ్వవే!" అని ఏడ్చింది.

"ఈ పగుళ్ల బెరడా? నీకా?" అంది దేవదారు. "ఇస్తాలే. కానీ ఆ మిగిలిన సుడులన్నీ మింగెయ్యి. ఒక్కటి బయట కనిపించినా ఆ మనుషులు వదలరు. ఇక నిన్నెవరూ మెచ్చుకోరు మరి, ఆలోచించుకో."

చూడండి దాని బుద్ధి! ప్రాణం పోతున్నా కాసేపు ఆలోచించింది. మళ్లీ కత్తుల చప్పుడు వినపడ్డాక గబగబా మింగేసింది. ఆ కంగారులో బోలెడు సుడులు కొమ్మల పంగల్లో, కాండం మీది బొడిపెల్లో ఇరుక్కుపోయాయి. పైన దేవదారు ఇచ్చిన బెరడు కప్పుకుంది.

ఊరివాళ్లు వచ్చి చూశారు. "థూ, మొద్దు!" అని వెళ్లిపోయారు. ముందురోజు దానికోసం కొట్టుకు చచ్చినవాళ్లే!

అప్పటినుంచే అక్రోటుకు పైన పగుళ్లు, లోపల సుడులు. పంగల్లో, బొడిపెల్లో మరీ ఎక్కువ. ఎంత పనితనమున్న వడ్రంగైనా కోసి, చెక్క తడిపి చూస్తే గాని అవి తేలవు. అప్పుడందరూ ఆహా ఓహో అంటారు. వినడానికి చెట్టేదీ?