హేమధన్వుడు వద్దన్న ఉదయం

పూర్వం త్రేతాయుగంలో, సుమాలినీ నదీతీరాన రత్నవతీ నగరాన్ని ఏలుతున్న హేమధన్వ మహారాజు, యౌవనగర్వం తలకెక్కి, అక్కడ మునులున్నారని మంత్రులు ఎంత వారించినా వినక, వేటకోసం మృగాలను బయటికి తోలడానికి ఒక ఉదయం అడవికి నిప్పు పెట్టించాడు. ఆ మంటల్లో చిక్కుకున్న లేగదూడను విడిపించబోయి, తపోధనుడైన ఔర్ణవ మహర్షి రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు.

రాజు వచ్చి పాదాలపై పడి, తనను శపించమని వేడుకున్నాడు. శాంతమూర్తి అయిన ఆ ముని శపించలేదు. నీళ్ళ రేవు ఎటువైపో చెప్పమని మాత్రం అడిగాడు. రాజు ఆయన చేయి పట్టుకుని తానే రేవుకు నడిపించాడు. తరువాత రాజ్యాన్ని తమ్ముడికి అప్పగించి, సమిధలు ఏరుతూ, కందమూలాలు తవ్వుతూ, మునికి ముళ్ళు గుచ్చుకోకుండా దారి ఊడుస్తూ ఆశ్రమంలోనే ఉండిపోయాడు. మొదట్లో విసుగూ వచ్చింది, ఒకసారి నగరందాకా వెళ్ళి తిరిగీ వచ్చాడు. అలా ఇరవై నాలుగేళ్ళు గడిచి, తల నెరిసింది.

అప్పుడు సర్వభూతసాక్షి అయిన కాలపురుషుడు ప్రత్యక్షమై, నిప్పు పెట్టించిన ఆ ఉదయాన్ని రాజుకు తిరిగి ఇస్తానన్నాడు. అడవి పచ్చగా, ముని చూపుతో, రాజు యౌవనంతో ఉంటారు; అయితే ఈ ఏళ్ళేవీ జ్ఞాపకముండవు, ఆనాటి మనస్సుతోనే మేల్కోవాలి, నిప్పు పెట్టించడమూ మానడమూ రాజు ఇష్టం.

హేమధన్వుడు చేతులు జోడించాడు.

"దేవా, ఆనాటి నన్ను నేనెరుగుదును. వాడు మళ్ళీ నిప్పే పెట్టిస్తాడు. ఆ ఉదయం నాకు వద్దు. నా చూపు తీసి ఈ మహాత్ముడికి ప్రసాదించండి."

కాలపురుషుడి ముఖం ప్రసన్నమైంది. "రాజా, ఏళ్ళను ఇవ్వడం నా పని. వాటితో ఎవరు ఏమవుతారో వారే నిర్ణయించుకోవాలి. నీ చూపు నీకే ఉండనీ, ఈయన చూపు ఈయనకు ఇస్తున్నాను" అని అంతర్ధానమయ్యాడు.

ఔర్ణవుడు కళ్ళు తెరిచి, ఎదుట నిలిచిన నెరిసిన గడ్డాన్నీ, కాయలు కాచిన చేతులనూ తేరిపార చూశాడు. రాజు ఆ చూపుకు తాళలేక, "అడవిని కాల్చిన పాపిని నేనే, స్వామీ" అన్నాడు.

"వాణ్ణి నేను చూడలేదు నాయనా," అన్నాడు ముని, "నిన్ను చూస్తున్నాను."

ఆయన ఆజ్ఞపై హేమధన్వుడు రత్నవతికి మరలి, తమ్ముడు ఎదురొచ్చి ఇచ్చిన రాజ్యభారాన్ని స్వీకరించి, అడవిలోని మునులకూ మృగాలకూ అభయమిచ్చి, చిరకాలం ధర్మంగా ప్రజలను పాలించాడు.