జీపు తాళం

మార్కాపురంలో దోర్నాల రోడ్డు మీద షెడ్డు నడిపే రహంతుల్లా మేస్త్రీకి ఒక అలవాటు ఉంది. ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. చేతికి ఒక పనిముట్టు ఇచ్చి బండి వైపు చూపిస్తాడు. అడిగినవాళ్లు ఆ పని చేసుకుంటూ జవాబు తామే వెతుక్కోవాలి. కొందరు వెతుక్కునేవారు, కొందరు విసుక్కుని వెళ్లిపోయేవారు. ఆయనకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు.

ఆయన దగ్గర ఏడాదిగా పని నేర్చుకుంటున్న నీరజకు మాత్రం ఈ పద్ధతి బొత్తిగా నచ్చేది కాదు. ఆటోమొబైల్ డిప్లొమా చదివిన ఇరవయ్యారేళ్ల మనిషి. బండ్లంటే ప్రాణం. ఏ బండి కనబడినా తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు విని దాని గుణం చెప్పేసేది. పాత బండి తలుపు ధాన్యం బస్తా దించినట్టు పడుతుందనీ, కొత్త బండి తలుపు టిఫిను డబ్బా మూతలా పడుతుందనీ అనేది. "కొత్తవాటికి నోరెక్కువ. బెల్టు పెట్టుకోకపోతే సణుగుడు, వెనక్కి తీస్తే అరుపు. పాతదాని స్టీరింగు బరువే, కాదనను. కానీ చక్రం కింద పడింది రాయో గుంతో అరచేతికి తెలుస్తుంది. కొత్తదాంట్లో పరుపు మీద పడుకుని పోతున్నట్టుంటుంది, కింద ఏం జరుగుతోందో ఎవరికెరుక?" ఇలాంటి మాటలన్నీ ఫోనులో వీడియోలు చేసి పెట్టేది. జిల్లాలో చాలామంది చూసేవారు. ఒప్పుకోని వాళ్లతో అర్ధగంట వాదించేది గానీ మాట వెనక్కి తీసుకునేది కాదు.

ఒక రోజు మధ్యాహ్నం ఆమె అడిగింది: "మేస్త్రీ, పాత బండి గొప్పదా, కొత్త బండి గొప్పదా? నలభై ఏళ్ల నుంచి రెండిటినీ చూస్తున్నారు. ఒక్క మాట చెప్పండి, వీడియోలో పెడతా."

మేస్త్రీ స్పానరు తీసి ఆమె చేతికిచ్చాడు.

"నాకు కావాల్సింది స్పానరు కాదు, మాట" అని నీరజ దాన్ని బల్ల మీద పెట్టేసింది. ఆయన నవ్వి బండి కిందికి జరిగాడు.

ఆ వారంలోనే ఆమె తిరుపాలరెడ్డి జీపు మీద వీడియో చేసింది. తిరుపాలరెడ్డికి ఊరి బయట పలకల గనులున్నాయి. ఆ జీపు ఆయన తండ్రిది, నలభై అయిదేళ్ల నాటిది. మూల పడి ఉన్నదానికి ఒంగోలులో రంగు వేయించి, కొత్త సీట్లు కుట్టించి, అద్దంలా మెరిపించి తెచ్చాడు. నీరజ దాన్ని ఊరి చుట్టూ ఒక తిప్పు తిప్పి, దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి చెప్పింది: "ఇట్లాంటి బండికి పరీక్షలు అక్కర్లేదు. ఈ ఇనుము మోసం చెయ్యదు. కళ్లు మూసుకుని శ్రీశైలం ఘాటెక్కొచ్చు." ఆమె చేసిన వీడియోలన్నిటిలోకీ ఎక్కువమంది చూసింది అదే. తిరుపాలరెడ్డి ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించేవాడు.

కార్తీక మాసం వచ్చింది. తిరుపాలరెడ్డి తల్లి ఓబులమ్మకు ఎనభై నిండాయి. భర్త బతికుండగా ప్రతి ఏడూ వెళ్లినట్టే ఆ జీపులోనే శ్రీశైలం పోయి మల్లన్నను చూసి రావాలని ఆమె కోరిక. బయల్దేరిన రోజు పొద్దున ఏడింటికి జీపు, దాని వెనక తిరుపాలరెడ్డి కొత్త కారు, వాటినిండా చుట్టాలు, టైర్లలో గాలి చూపించుకోడానికి షెడ్డు ముందు ఆగారు. దారిలో వీడియో తీయడానికి నీరజను కూడా రమ్మన్నారు. ఆమె గంజి పెట్టిన తెల్లటి చుడీదారు వేసుకుని సిద్ధంగా ఉంది.

మేస్త్రీ గాలి చూశాడు. తర్వాత జీపు తలుపు తీసి, వంగి, బ్రేకు పెడలును చేత్తో రెండు సార్లు నొక్కాడు. మూడోసారి కాస్త నిదానంగా నొక్కి, లేచి తాళం బయటికి తీశాడు.

"ఇప్పుడు పోవద్దు రెడ్డిగారూ. కింద చూడాలి."

"ఏంది చూసేది? ఒంగోల్లో ఆర్నెల్లు చేయించినా" అన్నాడు తిరుపాలరెడ్డి. "నీ శిష్యురాలే చెప్పింది, పరీక్షలు అక్కర్లేదని. ఊరంతా విన్నారు. వినిపించమంటావా?" జేబులోంచి ఫోను తీశాడు.

మేస్త్రీ వాదించలేదు. నీరజ దగ్గరికొచ్చి తాళం ఆమె అరచేతిలో పెట్టాడు.

"మాట నీది. తాళం కూడా నువ్వే ఉంచుకో. ఇయ్యాలనుకుంటే ఇయ్యి."

నీరజ తాళం వైపు చూసింది. ఫోనులోంచి తన గొంతే వినబడుతోంది, ఈ ఇనుము మోసం చెయ్యదని. చుట్టాలందరూ ఆమె వైపే చూస్తున్నారు. తిరుపాలరెడ్డి చెయ్యి చాపాడు. తాళం ఆ చేతిలో పెడితే పోయేది ఏమీ లేదు. మాట నిలబడుతుంది, ప్రయాణం సాగుతుంది, మేస్త్రీ ముందు తనదే పైచెయ్యి అవుతుంది. కానీ ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. వీడియో తీసిన రోజు ఆమె బానెట్టు ఎత్తి చూసింది, తలుపు చప్పుడు విన్నది, సీటు ఒత్తి చూసింది. కిందికి మాత్రం వంగలేదు.

తాళం పిడికిట్లో బిగించి, తెల్ల చుడీదారుతోనే నేల మీద వెల్లకిలా పడుకుని జీపు కిందికి జరిగింది.

"రెడ్డిగారూ, ఒకసారి బ్రేకు తొక్కండి. గట్టిగా."

తిరుపాలరెడ్డి గొణుక్కుంటూ ఎక్కి తొక్కాడు. ముందు చక్రం దగ్గర బ్రేకు ఆయిలు పోయే రబ్బరు గొట్టం కప్ప గొంతులా ఉబ్బింది. పెడలు వదిలితే తగ్గింది. మళ్లీ తొక్కితే ఇంకాస్త ఉబ్బింది, దాని పగుళ్లలోంచి ఒక చుక్క ఊరి ఆమె చెంప మీద పడింది. జీపుకంతటికీ కొత్త రంగు వేశారు గానీ ఆ గొట్టాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నీరజ అలాగే పడుకుని ఆ ఘాటు రోడ్డును తలుచుకుంది. ఒక వైపు కొండ, ఒక వైపు లోయ, దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు.

బయటికొచ్చి నిలబడింది. "ఇయ్యను" అంది.

"బండి నాది."

"అవును, మీదే. తాళమూ మీదే. ఆ గొట్టం మార్చిందాకా ఇయ్యను."

"మరి వీడియోలో చెప్పింది అబద్ధమా?"

"అబద్ధం కాదు, చూడకుండా చెప్పినా. ఇప్పుడు చూసి చెప్తున్నా."

తిరుపాలరెడ్డి మొహం నల్లబడింది. ఇక మీద తన గని లారీ ఒక్కటి కూడా ఈ షెడ్డు గడప తొక్కదన్నాడు. మేస్త్రీ తలూపాడు, అంతే. అప్పటికీ తిరుపాలరెడ్డి ఆగలేదు. "అమ్మా, దిగు. కారులో పోదాం. దానికి ఎవరి పరీక్షా అక్కర్లేదు. ఏం తేడా వచ్చినా అదే చెప్తది, అన్నీ కంప్యూటరు చూసుకుంటది. వచ్చి రెండు నెలలు కాలేదు."

నీరజ అప్పటికే కారు దగ్గరికి నడిచింది. ఎవరూ అడగకముందే డ్రైవరు వైపు తలుపు తీసి మోకాళ్ల మీద కూర్చుంది. కాళ్ల కింద కంపెనీ ఇచ్చిన చాప మీద తిరుపాలరెడ్డి ముచ్చటపడి ఇంకో మందపాటి చాప వేయించాడు. అది ముందుకు జారి, మడత పడి, బ్రేకు పెడలు కింద దూరి ఉంది. ఆమె చేత్తో పెడలును నొక్కింది. సగం దూరం పోయి చాప మీద ఆగిపోయింది. చాప లాగి బయట పడేసి, మళ్లీ నొక్కి చూపించింది.

"దీని సంగతి కంప్యూటరు చెప్పలేదా రెడ్డిగారూ?"

అప్పటిదాకా జీపులో ముందు సీట్లో ఒళ్లో పూల బుట్ట పెట్టుకుని కూర్చున్న ఓబులమ్మ నోరు విప్పింది.

"మీ నాయన రోజూ పొద్దున్నే దీని కింద పండుకుని చూసేవాడురా. నువ్వు పైపైన తుడుస్తావు." ఆమె నెమ్మదిగా కిందికి దిగింది. "మల్లన్న ఎక్కడికీ పోడు. ఆ గొట్టమేదో వేయించు. రేపు దీంట్లోనే పోతా. ఈ పిల్ల చూసి, పోవచ్చు అన్నాకనే."

గొట్టం ఒంగోలు నుంచి సాయంత్రానికి వచ్చింది. నీరజే బిగించింది. మిగతా మూడు చక్రాల దగ్గరా, ఇంజను కిందా, ఎక్కడెక్కడ గొట్టం ఉందో అన్నీ చూసింది. మర్నాడు జీపు ఘాటెక్కి, దిగి, క్షేమంగా తిరిగొచ్చింది. తిరుపాలరెడ్డి మాత్రం ఆ రోజు అన్న మాట నిలబెట్టుకున్నాడు. నాలుగు నెలలు ఒక్క లారీ కూడా రాలేదు. అయిదో నెలలో రెండు వచ్చాయి, ఎవరూ ఏమీ అనుకోలేదు.

జీపు తిరిగొచ్చిన రోజు నీరజ షెడ్డులో చేతులు కడుక్కుంటూ మేస్త్రీ వైపు తిరిగింది. ఆమె గొంతులో తగ్గింది ఏమీ లేదు.

"ఒకటి చెప్తా మేస్త్రీ. ఇంత జరిగినా నాకు ఆ పాత జీపే ఇష్టం. కొత్తవాటి మీద నా మాట నేను మార్చుకోను. మీరు ఏమనుకున్నా సరే."

మేస్త్రీ బండి కిందికి జరగబోతూ ఆగాడు.

"మార్చుకోమని ఎవరన్నారమ్మా? చెప్పు. వీపుకి మట్టంటుకున్నాక చెప్పు."