లోకనాథం ఎడంచెయ్యి

కూర్మనాథం మాస్టారిని సూటిగా ఏదైనా అడిగితే సూటిగా జవాబు రాదు. శిష్యులందరూ ఆయన మీద ఏకగ్రీవంగా మోపే నేరం ఇది. పొద్దున్న కింది అంతస్తులో డయాలసిస్ వార్డు చూసుకుని, మధ్యాహ్నం పై అంతస్తులో పరిశోధన చేయించే ఆ కిడ్నీ డాక్టరుగారు, పైన అడిగిన ప్రశ్నకి కింద, కింద అడిగిన ప్రశ్నకి పైన జవాబు చూపిస్తారు. అందాకా ఓపిక పట్టాలి. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న హిమజకి లేనిదే అది.

హిమజ తయారు చేస్తున్నది కృత్రిమ కిడ్నీ. డయాలసిస్ మిషను రక్తంలోని మలినాన్ని వడకడుతుంది, అంతే. అసలు కిడ్నీ వడకట్టి ఊరుకోదు. బయటికి పోతున్నదాంట్లోంచి ఒంటికి కావలసిన చక్కెరా ఉప్పూ ఏరుకుని వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ ఏరే పని బతికున్న కణాలది. ఎవరో పుణ్యాత్ములు దానమిచ్చిన కిడ్నీలోంచి ఆ కణాలు తీసి, సన్నటి గొట్టాల లోపల పరిచి, అరచేతిలో ఇమిడే పెట్టెలో వాటిచేత ఆ పని చేయించాలని మూడేళ్లుగా ఆమె పాట్లు. కణాలు అతుక్కున్నాయి, పెరిగాయి. పంపు పెట్టి ద్రవాన్ని పారిస్తే ఆ ఉరవడికి ఊడిపోతాయేమోనని భయపడి, పంపు తీసి అలమరలో పెట్టేసింది. రోజుకి మూడుసార్లు డ్రాపరుతో తిండి పోసి, కదపకుండా, వెచ్చగా, పురిటిబిడ్డల్లా చూసుకుంది. వారం తిరిగేసరికి అవి పని మానేశాయి. పోసిన చక్కెర పోసినట్టే ఉండిపోతోంది. ఐదుసార్లు చేసింది, ఐదుసార్లూ ఇదే వరస. ఇక మిగిలింది ఒక్క సీసాడు కణాలు. అవీ పాడైతే ఆ దానమూ, తన మూడేళ్లూ గంగలో కలిసినట్టే.

"చచ్చిపోతే చచ్చాయనుకుందును మాస్టారూ! నిక్షేపంలా బతికే ఉన్నాయి. మరి పనెందుకు చెయ్యవు?" అని అడిగింది ఏడుపుగొంతుతో.

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "చివరి సీసా నేను చెప్పేదాకా తెరవకు. కిందికి రా," అన్నారు.

కింద లోకనాథం అనే జీడితోట రైతు కూర్చుని ఉన్నాడు. రెండు కిడ్నీలూ పోయిన మనిషి. రెండు నెలల కింద ఎడంచేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టారు. రక్తం జోరుగా పారితే ఆ సిర లావెక్కి గట్టిపడుతుంది, అప్పుడు దానికే సూది గుచ్చి డయాలసిస్ చెయ్యొచ్చు. అందాకా మెడలో గొట్టమే గతి. ఆ గొట్టం పుణ్యమా అని రెండుసార్లు చలిజ్వరం వచ్చి, చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. కుడిచేతి సిరలు సెలైన్లకే పాడైపోయాయి. ఈ ఎడంచెయ్యి అందిరాకపోతే ఇంకేం చెయ్యాలో వార్డులో ఎవరికీ తోచడం లేదు.

ఆ చెయ్యి పాత నేతచీర జోలెలో వేలాడుతోంది. "జాగర్త అని సెప్పినారు కదేటి బాబూ," అంది అతని భార్య దాలమ్మ. "బరువెత్తొద్దన్నారు, దానిమీద పడుకోవద్దన్నారు. అందికే నాను గొడుగు కూడా పట్టనియ్యలేదు. లుంగీ ముడి కూడా నానే ఏస్తన్నాను." లోకనాథం సిగ్గుతో మొహం గోడకి తిప్పుకున్నాడు.

మాస్టారు హిమజ చేతిని తీసి అతని ముంజేతి మీద పెట్టారు. కుట్టిన చోట రక్తం జుమ్మని పారుతూ చేతికి తెలియాలి. ఆగి ఆగి చిన్న అదురు మాత్రం తగిలింది. మాస్టారు జోలె విప్పేసి, సిస్టరు చేత ఒక రబ్బరు బంతి తెప్పించారు. "గంటకోసారి దీన్ని పిసుకు. ఇంటిపనుల్లో ఈ చేతికీ వాటా ఇయ్యి."

"ఓలమ్మ! కోసిన సెయ్యి బాబూ!" దాలమ్మ అడ్డుపడింది.

"కోత మానిపోయి నెలయింది తల్లీ. మానంది నీ భయమే."

హిమజతో ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె మెట్లెక్కుతూ ఉడికిపోయింది. తను అడిగిందేమిటి, ఈయన చూపించిందేమిటి, బోడిగుండుకీ మోకాలికీ ముడి! అయినా లోకనాథం వచ్చినప్పుడల్లా మాస్టారు కబురు పెట్టడం, ఆమె దిగివెళ్లి ఆ చెయ్యి పట్టుకుని చూడడం మామూలైపోయింది. మొదట్లో విసుగ్గా వెళ్లింది. తర్వాత తనే ముందు వెళ్లి నిలబడేది.

నాలుగో వారం చెయ్యి పెట్టగానే, ఎక్కడో పిండిమర తిరుగుతున్నట్టు లోపల ఒకటే రొద. సిస్టరు ఆ సిరకే రెండు సూదులూ గుచ్చింది. దాలమ్మ కొంగుతో కళ్లు మూసుకుంది. రక్తం గొట్టంలోకి సాఫీగా ఉరికింది. నాలుగు గంటల్లో మిషను ఒక్కసారైనా కుయ్యిమనలేదు. "ఇలాగే ఇంకో నాలుగుసార్లు సాగితే మెడగొట్టం పీకేద్దాం," అంది సిస్టరు. హిమజ పైకే "హమ్మయ్య!" అనేసింది. లోకనాథం లేచి నిలబడి, అందరి ఎదుటా, రెండు చేతులతో లుంగీ బిగించి ముడి వేసుకున్నాడు. వార్డంతా నవ్వింది.

దాలమ్మ ఆ చేతిని నిమురుతూ నవ్వింది, ఏడ్చింది. "ఇన్నాళ్లూ దీనికి అడ్డం నానేనేటి!" అంది.

హిమజ నవ్వు సగంలో ఆగిపోయింది. అలమరలో గుడ్డ కప్పి పెట్టిన పంపు గుర్తొచ్చింది. తిరిగి చూస్తే, మాస్టారు అప్పటికే ఆమెనే చూస్తున్నారు.

"ఇక ఆ సీసా తెరువమ్మా," అన్నారు. "ఈసారి వాటి లుంగీ వాటినే కట్టుకోనీ."